ల్యాప్‌టాప్ హనుమకొండలో, కోడ్ ఇంకెక్కడో: రిమోట్ డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్ అంటే ఏమిటి, ఎవరికి అవసరం?

2020 జనవరిలో వరంగల్ దగ్గరి మడికొండలో సైయంట్, టెక్ మహీంద్రా ఐటీ సెంటర్లు మొదలయ్యాయి. అదే ఏడాది జూలైలో కరీంనగర్ ఐటీ టవర్, 2023 ఆగస్టులో నిజామాబాద్ ఐటీ టవర్ తెరుచుకున్నాయి. మధ్యలో కరోనా వచ్చింది. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో ఉన్న మనవాళ్లు ఎందరో ఇళ్లకొచ్చి ఇక్కడి నుంచే పని చేయడం అలవాటు చేసుకున్నారు. ఇప్పుడు అలాంటి వాళ్లకు కంపెనీల నుంచి ఒక కొత్త మాట వినిపిస్తోంది: ఇక మీదట కోడ్ మీ ల్యాప్‌టాప్‌లో ఉండదు, రిమోట్ ఎన్విరాన్‌మెంట్‌లోకి లాగిన్ అయి పని చేయండి.

దీన్ని ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటున్నారు. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రహస్య దారి) లాంటిదేదో అని కొందరు, ఇంటి నుంచి పని చేయడానికే ఇంకో పేరని కొందరు అనుకుంటున్నారు. మనం ఏం టైప్ చేస్తున్నామో కంపెనీ చూడ్డానికే ఇదంతా అని టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు. ఇంతకీ విషయం ఇది: డెవలపర్ ముందు స్క్రీన్, కీబోర్డ్ మాత్రమే ఉంటాయి. కోడ్ ఉండేదీ, కంపైల్ అయ్యేదీ, టెస్టులు నడిచేదీ వేరే చోట ఉన్న కంప్యూటర్‌లో. ఆ కంప్యూటర్ ఆఫీసు మూలన ఉన్న పాత సర్వర్ కావచ్చు, ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న క్లౌడ్ మిషన్ కావచ్చు. డెవలపర్ ఆఫీసులో కూర్చున్నా, ఇంట్లో కూర్చున్నా తేడా లేదు.

ఇది మంచిదా కాదా అని తేల్చే ముందు, అసలు ఎన్విరాన్‌మెంట్ అంటే ఏమేం వస్తాయో చూడాలి. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

## కోడ్ ఒక్కటే ఉంటే సరిపోదు

ఒక ఉదాహరణ తీసుకుందాం. నయీంనగర్‌లో నలుగురు డెవలపర్లున్న చిన్న సంస్థ. ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తీదారుల కోసం లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తోంది. ఏ రైతు ఎన్ని బస్తాలు తెచ్చాడు, ఏ ధర పలికింది, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, ఇవన్నీ అందులో ఎక్కుతాయి.

మిర్చి సీజన్‌లో బండ్లు రాత్రంతా వస్తూనే ఉంటాయి. తెల్లవారుజామున 3 గంటలకు 40 బస్తాలు దిగాయి, గుమస్తా ఎంట్రీ కొట్టాడు. మర్నాడు అడ్తీదారు ఫోన్ చేసి అడుగుతాడు: “నిన్న సాయంత్రమే లెక్క మూసినం గదా, మళ్ల 40 బస్తాలు ఎట్ల పెరిగినయ్?”

ఆఫీసులో నలుగురూ పరీక్షించి చూస్తారు. అందరి దగ్గరా తేదీ సరిగ్గానే పడుతోంది. కారణం ఇది: వాళ్ల ల్యాప్‌టాప్‌లు భారత కాలమానంలో ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ నడిచే సర్వర్ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. మన గడియారం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. మనకు మార్చి 5 తెల్లవారుజాము 3 అయినప్పుడు సర్వర్‌కు ఇంకా మార్చి 4 రాత్రి 9:30. అందుకే ఆ 40 బస్తాలు నిన్నటి ఖాతాలోకి వెళ్లిపోయాయి. పొద్దున 5:30 నుంచి రాత్రి 12 దాకా రెండు గడియారాల్లోనూ తేదీ ఒకటే కాబట్టి, ఆఫీసు వేళల్లో నేరుగా సర్వర్ మీదే పరీక్షించినా తప్పు బయటపడదు.

కోడ్ నలుగురి దగ్గరా, సర్వర్‌లోనూ ఒక్కటే. తేడా చుట్టూ ఉన్నవాటిలో ఉంది. ఎన్విరాన్‌మెంట్ అంటే ఆ చుట్టూ ఉన్నవన్నీ: ఆపరేటింగ్ సిస్టం, పైథాన్ లేదా జావా వెర్షన్, లైబ్రరీలు, డేటాబేస్ వెర్షన్, టైమ్ జోన్, పాస్‌వర్డ్‌లు, తాళాలు (లాగిన్‌కు వాడే డిజిటల్ కీలు), పరీక్షించడానికి వాడే నమూనా డేటా. ఒకరి దగ్గర పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వెర్షన్ 13, మరొకరి దగ్గర 16 ఉండొచ్చు. ఒకరు విండోస్, మరొకరు ఉబుంటు వాడుతుండొచ్చు. 2020 చివర్లో ఆపిల్ ఎం1 మాక్‌లు వచ్చాక ప్రాసెసర్ రకం కూడా మారింది. సర్వర్ ఇంటెల్ రకం, ల్యాప్‌టాప్ ఆర్మ్ రకం అయితే కొన్ని లైబ్రరీలు ఒకచోట ఎక్కుతాయి, ఇంకోచోట ఎక్కవు. ప్రతి ఆఫీసులో రోజూ వినిపించే “నా సిస్టంలో బాగానే నడుస్తోంది” అన్న మాట వెనక ఉన్న కథ ఇదే.

## మొదటి మందు రిమోట్ కాదు, రాత

ఈ చిక్కును విప్పే పని రెండు భాగాలు. ఒకటి, ఎన్విరాన్‌మెంట్ ఎలా ఉండాలో ఒక ఫైల్‌లో రాసిపెట్టడం. రెండోది, దాన్ని ఎక్కడ నడపాలో నిర్ణయించడం. ఈ రెండూ కలిపి అమ్ముతున్నారు కాబట్టి రెండూ ఒక్కటే అనిపిస్తాయి. నిజానికి మొదటిదానివల్ల వచ్చే లాభాన్ని చాలామంది రెండోదాని ఖాతాలో వేస్తున్నారు.

2013లో డాకర్ వచ్చాక కంటైనర్ అనేది మామూలు డెవలపర్‌కు అందుబాటులోకి వచ్చింది. ఒక అప్లికేషన్‌కు కావాల్సిన లైబ్రరీలు, సెట్టింగులు అన్నీ ఒకే ఇమేజ్‌గా కట్టి, మిగతా సిస్టంతో కలవకుండా విడిగా నడపడమే కంటైనర్. దాని మీద మైక్రోసాఫ్ట్ డెవ్‌కంటైనర్ అనే పద్ధతి తెచ్చింది. 2022లో దాన్ని అందరూ వాడుకోగలిగే స్పెసిఫికేషన్‌గా విడుదల చేశారు. ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే డెవ్‌కంటైనర్ డాట్ జేసన్ అని ఒక చిన్న ఫైల్ ఉంటుంది. ఏ ఇమేజ్ కావాలి, ఏ ఎక్స్‌టెన్షన్లు కావాలి, తెరవగానే ఏ కమాండ్ నడవాలి, ఏ పోర్టులు తెరవాలి అన్నది అందులో ఉంటుంది. కోడ్‌తో పాటు అది కూడా గిట్‌లోకి, అంటే కోడ్ మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తుంది. ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో కనిపిస్తుంది.

మన అడ్తీ సాఫ్ట్‌వేర్ విషయంలో ఆ ఫైల్‌లో టైమ్ జోన్ యూటీసీ అని, డేటాబేస్ సర్వర్‌లో ఉన్న వెర్షనే అని రాసి ఉంటే నలుగురి దగ్గరా సర్వర్ మాదిరే ఉండేది. తెల్లవారుజాము 3 గంటల ఎంట్రీకి ఒక టెస్ట్ రాస్తే తప్పు ప్రతి ఒక్కరి దగ్గరా కనబడేది. దీనికి క్లౌడ్ అక్కర్లేదు. తగినంత ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో డాకర్ ఉంటే చాలు.

మరి రిమోట్ ఎక్కడ పనికొస్తుంది? ప్రాజెక్టు పెద్దదైనప్పుడు. కోడ్ దాచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్ తన అనుభవాన్ని 2021 ఆగస్టులో బయటపెట్టింది. వాళ్ల ముఖ్యమైన రిపాజిటరీ (కోడ్ భాండారం) డిస్క్ మీద దాదాపు 13 జీబీ. కొత్తగా చేరిన ఇంజనీర్ దాన్ని దించుకుని, పని మొదలుపెట్టే స్థితికి తేవడానికి 45 నిమిషాలు పట్టేది. దాన్ని క్లౌడ్‌లోకి మార్చి, ముందే సిద్ధం చేసి ఉంచిన మిషన్లను ఇవ్వడం మొదలుపెట్టాక 10 సెకన్లలో పని మొదలవుతోందని వాళ్లు రాశారు. ఆ ముందే సిద్ధం చేసి ఉంచడాన్ని ప్రీబిల్డ్ అంటారు. రాత్రిళ్లో, కోడ్ మారినప్పుడల్లానో ఎవరూ అడగకముందే అంతా దించి, కట్టి పెట్టడం. అంత వేగం రావడానికి కారణం మిషన్ దూరంగా ఉండటం కాదు, ఈ ముందస్తు తయారీ. అలా తయారుచేసి ఉంచాలంటే సెటప్ అంతా ఫైల్‌లో రాసి ఉండాల్సిందే.

## రిమోట్ అన్నా అన్నీ ఒకటి కాదు

పాతదీ, ఇప్పటికీ గట్టిదీ ఎస్‌ఎస్‌హెచ్, అంటే దూరంగా ఉన్న మిషన్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి. 1995లో ఫిన్‌లాండ్‌కు చెందిన తతు ఉలొనెన్ దీన్ని రాశాడు. నల్ల స్క్రీన్‌లో (టెర్మినల్‌లో) టైప్ చేసే ప్రతి అక్షరం అవతలి మిషన్‌కు వెళ్లి, తిరిగొచ్చి, అప్పుడు తెరమీద కనబడుతుంది.

రెండో పద్ధతిలో ఎడిటర్ రెండు ముక్కలవుతుంది. 2019 మే నెలలో మైక్రోసాఫ్ట్ ఎడిటర్ వీఎస్ కోడ్‌కు వచ్చిన రిమోట్ ఎక్స్‌టెన్షన్లు దీన్ని అందరికీ అలవాటు చేశాయి, జెట్‌బ్రెయిన్స్ గేట్‌వే కూడా ఈ దారిదే. కనిపించే భాగం మన ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. ఫైళ్లు చదివే, కోడ్‌ను అర్థం చేసుకునే, టెర్మినల్ నడిపే భాగం అవతల ఉంటుంది. అక్షరాలు ఇక్కడే పడతాయి కాబట్టి టైపింగ్‌లో ఆలస్యం తెలియదు. సేవ్ చేసినప్పుడు, ఒక ఫంక్షన్ ఎక్కడుందో వెతికినప్పుడు మాత్రమే దూరం తెలుస్తుంది.

బ్రౌజర్‌లోనే అంతా తెరుచుకునేది ఇంకో రకం. గిట్‌హబ్ అద్దెకిచ్చే క్లౌడ్ ఎన్విరాన్‌మెంట్ కోడ్‌స్పేసెస్‌ను బ్రౌజర్‌లోనూ వాడొచ్చు, మామూలు వీఎస్ కోడ్ నుంచీ వాడొచ్చు. ఇక బ్యాంకులు, బీమా కంపెనీల పనుల్లో కనిపించేది పూర్తి రిమోట్ డెస్క్‌టాప్. అవతలి విండోస్ స్క్రీన్ మొత్తం బొమ్మలుగా మన దగ్గరికి వస్తూ ఉంటుంది. కాపీ, పేస్ట్ కూడా ఆపేయొచ్చు కాబట్టి సెక్యూరిటీ వాళ్లకు ఇది ఇష్టం. నెట్ కాస్త తడబడినా మౌస్ వెనకబడుతుంది కాబట్టి డెవలపర్లకు కష్టం.

“రిమోట్‌లో పని చేయడం నరకం” అని ఒకరు, “తేడానే తెలియదు” అని మరొకరు అంటే ఇద్దరిదీ నిజమే కావచ్చు. మొదటివారు రిమోట్ డెస్క్‌టాప్ వాడుతుంటారు, రెండోవారు వీఎస్ కోడ్.

## వరంగల్ నుంచి చూస్తే: స్పీడ్ కంటే ఆలస్యం ముఖ్యం

ఫైబర్ కనెక్షన్ తీసుకునేటప్పుడు అందరం ఎంబీపీఎస్ చూస్తాం. ఈ పనికి దానికంటే లేటెన్సీ ముఖ్యం. ఒక సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయమే లేటెన్సీ.

ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 150 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి 300 కిలోమీటర్లు, అంటే ఒకటిన్నర మిల్లీసెకను. ఇది భౌతిక శాస్త్రం చెప్పే కనీసం. ఆచరణలో మన ప్యాకెట్ సర్వీస్ ప్రొవైడర్ రూటర్లన్నీ దాటుకుని, ఒక్కోసారి ముంబై లేదా చెన్నై చుట్టి వస్తుంది కాబట్టి దానికి ఎన్నో రెట్లు పడుతుంది. అయినా పనికి అడ్డం రాదు. అమెరికా తూర్పు తీరంలోని వర్జీనియా మన నుంచి నేరుగా 13 వేల కిలోమీటర్ల పైమాటే. వెళ్లి రావడానికి లెక్క ప్రకారమే 130 మిల్లీసెకన్లు కావాలి, నిజానికి 200 దాటుతుంది. టెర్మినల్‌లో 200 మిల్లీసెకన్లంటే, అక్షరం కొట్టిన తర్వాత అది కనబడేలోపు చేయి ఆగుతుంది. 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా ఈ ఆలస్యం తగ్గదు.

అందుకే మిషన్ ఏ రీజియన్‌లో (క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్లున్న ప్రాంతం) ఉందన్నది మొదట అడగాల్సిన ప్రశ్న. అమెజాన్‌కు 2016 నుంచి ముంబైలో, 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లో రీజియన్లున్నాయి. మైక్రోసాఫ్ట్‌కు పుణె, చెన్నైలలో, గూగుల్‌కు ముంబై, ఢిల్లీలలో ఉన్నాయి. అమెరికా క్లయింట్ తన ఖాతాలో వర్జీనియా మిషన్ ఇచ్చి “ఎందుకు నెమ్మదిగా పని చేస్తున్నారు?” అని అడిగితే, తప్పు మన నెట్‌ది కాదని చెప్పడానికి ఈ చిన్న లెక్క చాలు.

ఇక కరెంటు, నెట్ పోవడం. ఎండాకాలం ఈదురుగాలి వచ్చిన సాయంత్రాలు ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, వైఫై రూటర్‌కు ఉండదు. కోడ్ ల్యాప్‌టాప్‌లోనే ఉంటే నెట్ లేకున్నా పని సాగుతుంది. రిమోట్ అయితే ఆగుతుంది. రిమోట్‌ను వ్యతిరేకించేవాళ్ల వాదనల్లో దీనికి మించిన బలమైనది నాకు కనబడదు. చిన్న ఊళ్లకు వచ్చేకొద్దీ ఇది ఇంకా బలపడుతుంది.

కాకపోతే దీనికి రెండో వైపు కూడా ఉంది. 2 గంటలు నడిచే టెస్టులు ల్యాప్‌టాప్‌లో పెడితే బ్యాటరీ అయిపోగానే అవీ పోతాయి. రిమోట్ మిషన్‌లో టీమక్స్ లాంటి, కనెక్షన్ తెగినా ఆగని సెషన్‌లో నడుస్తుంటే మన దగ్గర కరెంటు పోయినా అక్కడ పని సాగుతూనే ఉంటుంది. మళ్లీ కనెక్ట్ అయ్యేసరికి ఫలితం సిద్ధం. 2012లో ఎంఐటీ నుంచి వచ్చిన మోష్ అనే రిమోట్ టెర్మినల్ ఇంకో అడుగు వేసింది. ఫైబర్ పోయి ఫోన్ హాట్‌స్పాట్‌కు మారినా సెషన్ తెగదు, టైప్ చేసిన అక్షరాన్ని అవతలి జవాబు కోసం ఆగకుండా ముందే చూపిస్తుంది. నెట్ అప్పుడప్పుడు తెగేవాళ్లకు ఇవి చాలా ఉపశమనం. రోజంతా తెగుతూ ఉండేవాళ్లకు మాత్రం కోడ్ దగ్గర ఉండటమే మేలు.

## ఆఫీసు మూలన ఉన్న ఒక్క సర్వర్

క్లౌడ్ ఖర్చెందుకని చిన్న సంస్థలు తరచూ ఎంచుకునే దారి ఇది. 32 జీబీ ర్యామ్ ఉన్న ఒక మిషన్ కొని, దాని మీద ఉబుంటు లైనక్స్ వేసి, నలుగురూ అందులోకి లాగిన్ అవుతారు. మొదటి నెల హాయిగా ఉంటుంది. తర్వాత వచ్చే చిక్కులే ఎన్విరాన్‌మెంట్ మేనేజ్‌మెంట్ (నిర్వహణ) అనే మాటకు అసలు అర్థం చెబుతాయి.

ఒక రోజు రియాక్ట్ అనే వెబ్ లైబ్రరీతో రాసిన ప్రాజెక్టు నడపబోతే ఈఎన్‌ఓఎస్‌పీసీ అనే ఎర్రర్ వస్తుంది. దాని సాధారణ అర్థం డిస్క్‌లో చోటు లేదని. చూస్తే డిస్క్ సగం ఖాళీ. పాత లాగ్‌లు చెరిపేసినా ఎర్రర్ పోదు. విషయమేమిటంటే ఎడిటర్లు, బిల్డ్ టూల్స్ ఫైళ్లు మారాయా లేదా అని కనిపెట్టుకుని ఉండటానికి లైనక్స్ దగ్గర వాచర్లను (కాపలాదారులను) తీసుకుంటాయి. ఒక్కో యూజర్‌కు ఇన్ని అని పరిమితి ఉంటుంది. లైనక్స్ పాత వెర్షన్లలో అది 8192 మాత్రమే. పరిమితి నిండితే లైనక్స్ తిరిగిచ్చేది కూడా అదే ఎర్రర్. ఇక్కడ అసలు మెలిక ఇంకోటి ఉంది. చాలా చిన్న ఆఫీసుల్లో నలుగురూ ఒకే యూజర్ పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతారు. పరిమితి యూజర్‌కు లెక్క కాబట్టి నలుగురి వాటా కలిపి ఒకరి ఖాతాలోనే పడుతుంది. ఎవరి లాగిన్ వారికి ఇస్తే, పరిమితి కూడా కాస్త పెంచితే ఈ తలనొప్పి పోతుంది.

ర్యామ్‌దీ ఇదే కథ. ఒకరి టెస్టులు అదుపు తప్పి ర్యామ్ అంతా తినేస్తే, లైనక్స్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపి మిషన్‌ను కాపాడుకుంటుంది. మామూలుగా ఎక్కువ మెమరీ వాడుతున్నదే బలి అవుతుంది. అది అందరూ వాడుకుంటున్న డేటాబేస్ అయితే తప్పు ఒకరిది, పని ఆగేది నలుగురిదీ. ఒక్కొక్కరిని ఒక్కో కంటైనర్‌లో ఉంచి మెమరీకి హద్దు పెడితే ఎవరి తప్పు వాళ్ల దగ్గరే ఆగుతుంది. డేటాబేస్ కూడా అంతే: ఒకరు పట్టికలో కాలమ్ పేరు మార్చి మైగ్రేషన్ (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే స్క్రిప్ట్) నడిపితే మిగతా ముగ్గురి కోడ్ విరుగుతుంది. ఎవరి డేటాబేస్ వారికుండాలి.

మిషన్ పాతబడటం ఇంకో సంగతి. 2025 తొలినాళ్లలో వచ్చిన వీఎస్ కోడ్ వెర్షన్ నుంచి అవతలి మిషన్‌లో జీలిబ్‌సీ (లైనక్స్ ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ) 2.28 లేదా ఆపైది ఉండాలని నియమం పెట్టారు. సెంటాస్ 7, ఉబుంటు 18.04 సర్వర్లకు అది లేదు. ఎడిటర్ తనంతట తాను అప్‌డేట్ అయిన రోజున, నిన్నటిదాకా నడిచిన కనెక్షన్ పొద్దున్నే ఆగిపోతుంది. సర్వర్ ముట్టుకున్నవాళ్లెవరూ ఉండరు.

ఇంటి నుంచి ఆఫీసు సర్వర్‌కు చేరడమూ సులువు కాదు. మామూలు ఇంటర్నెట్ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) ఉండదు. ఒకే ఐపీ వెనక ఎంతోమంది వినియోగదారులను ప్రొవైడర్ ఉంచుతాడు కాబట్టి బయటి నుంచి నేరుగా లోపలికి దారి లేదు. స్టాటిక్ ఐపీ కొనాలి, లేదా వైర్‌గార్డ్, టెయిల్‌స్కేల్ లాంటి వాటితో రెండు చివరల నుంచీ సొరంగం వేసుకోవాలి. రూటర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ వాడే పోర్టు 22ను లోకానికంతా తెరిచి, పాస్‌వర్డ్ లాగిన్ అలాగే ఉంచేస్తే కొన్ని గంటల్లోనే ఎక్కడెక్కడి బాట్లో తలుపు తట్టడం లాగ్‌లలో కనిపిస్తుంది.

ఈ పనులన్నీ చూసే మనిషి ఒకరు కావాలి. నలుగురిలో ఎవరో ఒకరు పార్ట్ టైమ్‌గా ఆ భారం మోస్తారు, వాళ్ల జీతం లెక్కల్లో అది ఎక్కడా కనిపించదు. ల్యాప్‌టాప్‌లలో నాలుగు చోట్ల చెల్లాచెదురుగా ఉన్న తలనొప్పిని రిమోట్ ఒక్క చోటికి తెస్తుంది. ఆ ఒక్క చోటును చూసుకునేవాళ్లుంటే అది పెద్ద లాభం. లేకపోతే నలుగురికీ ఒకేసారి నష్టం.

## అద్దె లెక్క

కోడ్‌స్పేసెస్‌లో 2 కోర్ల మిషన్ గంటకు 0.18 డాలర్లు, 4 కోర్లది 0.36. రోజుకు 8 గంటలు, నెలకు 22 రోజులనుకుంటే 176 గంటలు. 4 కోర్లకు 63.36 డాలర్లవుతుంది. డాలరు 85 రూపాయలు అనుకుని లెక్కేస్తే నెలకు సుమారు 5,400 రూపాయలు. మూడేళ్లకు 1 లక్షా 94 వేలు. ఆ డబ్బుతో ఒక మంచి ల్యాప్‌టాప్ వస్తుంది, పైగా రిమోట్ వాడినా చేతిలో ఏదో ఒక ల్యాప్‌టాప్ ఉండాల్సిందే. రోజంతా, ఏడాదంతా ఒకే ప్రాజెక్టు మీద పని చేసేవాళ్లకు అద్దె గిట్టదు.

లెక్క తిరగబడే సందర్భాలున్నాయి. నెలలో 10 గంటలు మాత్రమే 16 కోర్ల మిషన్ కావాలంటే కొనడం దండగ, అద్దె నయం. ఒక కాంట్రాక్టర్ రెండు నెలలకే వస్తుంటే లింకు ఇస్తే చాలు. కాలేజీ విద్యార్థులకైతే 2022 నవంబర్ నుంచి ప్రతి వ్యక్తిగత ఖాతాకూ నెలకు 120 కోర్ గంటలు ఉచితం. 2 కోర్ల మిషన్ అయితే 60 గంటలు. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌తో హాస్టల్లో కుస్తీ పడే విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు, నిజంగా వాడుకోవాల్సిన అవకాశం.

బిల్లు పెరిగే దారులు రెండు. పని లేకుండా 30 నిమిషాలు గడిస్తే మిషన్ తనంతట తానే ఆగేలా మామూలుగా సెట్టింగ్ ఉంటుంది. కానీ టెర్మినల్‌లో లాగ్‌లు కారుతూ ఉంటే దాన్ని కూడా పని జరుగుతున్నట్టే లెక్కేస్తుంది. ఇక మిషన్ ఆగినా డిస్క్ అద్దె ఆగదు, జీబీకి నెలకు 0.07 డాలర్లు. ఇంకో నియమం విద్యార్థులు తెలుసుకోవాలి: 30 రోజులు ముట్టుకోని కోడ్‌స్పేస్ మామూలుగా చెరిగిపోతుంది. సెమిస్టర్ సెలవులకు ఇంటికెళ్లే ముందు గిట్‌లోకి పుష్ చేయని పని దాంతో పాటే పోతుంది.

సేవలే మూతపడే ప్రమాదం కూడా ఉంది. అమెజాన్ క్లౌడ్9 2024 జూలై నుంచి కొత్త కస్టమర్లను తీసుకోవడం లేదు. గూగుల్ ప్రాజెక్ట్ ఐడీఎక్స్ 2025లో ఫైర్‌బేస్ స్టూడియోగా మారింది. గిట్‌పాడ్ అదే ఏడాది ఓనా అయింది. సెటప్ అంతా డెవ్‌కంటైనర్ లాంటి బహిరంగ పద్ధతిలో రాసుకున్నవాళ్లు ఇంకోచోటికి మారగలరు. కోడర్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్‌లోనే పెట్టుకునే దారీ ఉంది.

## కోడ్ దూరంగా ఉంటే భద్రమేనా?

కంపెనీలు చెప్పే ముఖ్య కారణం ఇదే. ల్యాప్‌టాప్ బస్సులో పోయినా కోడ్ పోదు. ఉద్యోగి మానేసిన రోజు ఒక్క ఖాతా ఆపితే చాలు. కస్టమర్ల ఆధార్, బ్యాంకు వివరాలున్న డేటా నలుగురి హార్డ్ డిస్కుల్లో కాపీలుగా ఉండదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఇది ఊరికే జాగ్రత్త అనుకుని వదిలేసేది కాదు. ఈ వాదనలో బలం ఉంది.

అయితే 2022లో లాస్ట్‌పాస్‌కు జరిగింది చూడండి. పాస్‌వర్డ్‌లు దాచే కంపెనీ అది. దాని డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్ క్లౌడ్‌లోనే ఉంది. దాడి చేసినవాళ్లు ఒక ఇంజనీర్ ల్యాప్‌టాప్‌ను పట్టుకుని, ఆ ఇంజనీర్ లాగానే లోపలికి వెళ్లి సోర్స్ కోడ్ తీసుకున్నారు. తర్వాతి దాడిలో మరో ఇంజనీర్ ఇంటి కంప్యూటర్‌లో కీలాగర్ (టైప్ చేసేదంతా రికార్డు చేసే ప్రోగ్రాం) పెట్టి మాస్టర్ పాస్‌వర్డ్ పట్టేశారు. కోడ్ ఎంత దూరంలో ఉన్నా, తలుపు మన ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది.

రెండో దిశలో కూడా ప్రమాదం ఉంది. రిమోట్ మిషన్ చెడితే, దాని ద్వారా మన ల్యాప్‌టాప్ మీద కూడా కోడ్ నడిపే అవకాశం ఉందని వీఎస్ కోడ్ తన డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ ఫార్వర్డింగ్ (మన ల్యాప్‌టాప్‌లోని తాళాన్ని అవతలి మిషన్ నుంచి వాడుకునే వీలు) పెట్టుకుంటే, మనం కనెక్ట్ అయి ఉన్నంతసేపు ఆ మిషన్‌లో రూట్, అంటే పూర్తి అధికారం ఉన్నవారెవరైనా మన తాళాన్ని వాడుకోగలరు. నలుగురికీ రూట్ ఇచ్చేసిన ఆఫీసు సర్వర్‌లో దీన్ని ఆన్ చేయడమంటే నలుగురి గిట్ ఖాతాలనూ కలిపేయడమే.

కంపెనీ మనల్ని చూస్తుందా అన్న భయానికి కూడా జవాబివ్వాలి. మిషన్ కంపెనీదైనప్పుడు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఏ కమాండ్ నడిపారు అన్నది నమోదు చేయడం సాంకేతికంగా సులువు. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో కూడా ఇది ఎప్పటి నుంచో సాధ్యమే. ఏమేం నమోదవుతుందో ముందే చెప్పమని అడిగే హక్కు ఉద్యోగికి ఉండాలని నా అభిప్రాయం.

## ఏఐ ఏజెంట్లు వచ్చాక మారిన ప్రశ్న

2025 మే నెలలో ఓపెన్‌ఏఐ కోడెక్స్‌ను, అక్టోబర్‌లో ఆంత్రోపిక్ క్లాడ్ కోడ్ వెబ్ వెర్షన్‌ను తెచ్చాయి. చెప్పిన కోడింగ్ పనిని సొంతంగా చేసిపెట్టే ఏఐ ఏజెంట్లివి. రెండింటిలోనూ పని అప్పగిస్తే క్లౌడ్‌లో ఒక విడి ఎన్విరాన్‌మెంట్ తెరుచుకుంటుంది, ఏజెంట్ అందులో కోడ్ మార్చి, టెస్టులు నడిపి, మార్పులను మన ముందు పెడుతుంది. మనిషి ల్యాప్‌టాప్‌లో పని చేసినా, ఏజెంట్ మాత్రం రిమోట్‌లోనే పని చేస్తోంది.

దీంతో పాత వాదనలో కొంత మార్పు వచ్చింది. సెటప్ ఫైల్‌లో రాసి లేకపోయినా కొత్తగా చేరిన మనిషి పక్క సీటులో ఉన్న అన్నను అడిగి తెలుసుకుంటాడు. ఏజెంటుకు పక్క సీటు లేదు. డేటాబేస్ ఎలా లేపాలో, టెస్టులు ఏ కమాండ్‌తో నడుస్తాయో రాసి లేకపోతే అది ఊహించి ముందుకెళ్తుంది, టెస్ట్ నడపకుండానే కోడ్ ఇస్తుంది. అదే ఏజెంటును నేరుగా ల్యాప్‌టాప్‌లో వదిలితే హోమ్ ఫోల్డర్‌లో ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు, క్లౌడ్ పాస్‌వర్డ్‌లు అన్నీ దానికి అందేంత దూరంలోనే ఉంటాయి. పని కాగానే పారేసే రిమోట్ ఎన్విరాన్‌మెంట్‌లో ఆ బెడద తక్కువ, కానీ అక్కడికి మనం ఏ తాళాలు పంపామన్నదే ముఖ్యం. నయీంనగర్ సంస్థ విషయానికొస్తే ఏజెంటుకు నమూనా రైతులు, నమూనా బస్తాలున్న టెస్ట్ డేటాబేస్ ఒక్కటే కనబడాలి. అడ్తీదారుల అసలు ఖాతాలున్న సర్వర్ చిరునామా కూడా ఆ సెటప్ ఫైల్‌లో ఉండకూడదు. ఇప్పుడు చాలా చిన్న టీముల్లో ఆ చిరునామా, పాస్‌వర్డ్‌తో సహా, డాట్ ఎన్వ్ అనే సెట్టింగుల ఫైల్‌లో ఉంటుంది. ఒకరి నుంచి ఒకరికి వాట్సాప్‌లో వెళ్తుంటుంది.